నంబర్లు కలవని త్రీ నాట్ త్రీ

తెలుగునాట రైఫిల్ అంటే చాలా ఏళ్లపాటు త్రీ నాట్ త్రీయే (.303 అంగుళం, గొట్టం లోపలి కొలత). పోలీసు స్టేషన్లో గోడకి వరసగా ఆనించినవీ, బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజాన వేలాడినవీ, పోలింగ్ బూత్ బయట కానిస్టేబుల్ మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నవీ ఎక్కువగా అవే. దాని అసలు పేరు షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్, పొట్టిగా ఎస్.ఎం.ఎల్.ఈ. 1907లో మార్క్ 3 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలకి వేలు గబగబా తయారుచెయ్యాల్సి రావడంతో దూరపు గురికి వాడే వాలీ సైట్లు, మ్యాగజైన్ కటాఫ్ (తూటాల పెట్టెని మూసి ఒక్కొక్క తూటాయే వేసి కాల్చేలా చేసే పలక), పక్కలకి జరిపే వెనక సైటు తీసేశారు. అలా మిగిలింది మార్క్ 3 స్టార్. ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్, బి.ఎస్.ఏ., ఎల్.ఎస్.ఏ., ఆస్ట్రేలియాలో లిత్‌గో, బెంగాల్లో ఇషాపూర్ ఫ్యాక్టరీలు దీన్ని తయారుచేశాయి. ఇంగ్లండు నంబర్ 4 రైఫిల్‌కి మారిపోయినా ఇషాపూర్ మాత్రం పాత నమూనానే పట్టుకుంది. 1960లలో అదే నమూనాని 7.62 నాటో తూటాకి మార్చి 2ఏ, ఆ తరవాత 2ఏ1 అని కొత్తగా తయారుచేసింది. 2ఏ అంటే పాత .303కి గొట్టం మార్చిందని చాలామంది అనుకుంటారు. కాదు, అది మెరుగైన ఉక్కుతో మొదటినుంచీ 7.62 కోసమే చేసిన రైఫిల్.

మన దేశంలో .303 నిషిద్ధ బోరు. మామూలు పౌరుడికి లైసెన్సు దొరకదు, మిగులు సరుకు కొనుక్కుని ఇంట్లో బాగుచేసుకునే ప్రశ్నే లేదు. ఇషాపూర్ వాళ్లు పౌరులకోసం అదే యంత్రాంగంతో .315 స్పోర్టింగ్ రైఫిల్ చేసిందీ అందుకే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్ లాంటి చోట్ల అక్కడి చట్టం ప్రకారం పాత సైనిక రైఫిళ్లు ఉంచుకునేవాళ్లకోసం. అమెరికాలో యాభై ఏళ్లు దాటిన, మార్పులు చెయ్యని తుపాకీని ‘క్యూరియో అండ్ రెలిక్’ కింద లెక్కేస్తారు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఇషాపూర్ ముద్ర చూసి ఆగిపోయేవాళ్లు ఉంటారు. మన దేశంలో తయారైన ఉక్కు అమెరికాలో ఏదో ఊరి తుపాకుల సంతలో బల్లమీద కనిపిస్తే మనసు లాగకుండా ఎలా ఉంటుంది?

అక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. అమ్మేవాడిని అందరూ ముందు అడిగేది ఒకటే: “నంబర్లు కలుస్తున్నాయా?” అంటే అన్ని భాగాల మీదా ఒకే క్రమసంఖ్య ఉందా అని. కలవకపోతే ధర తగ్గిస్తారు, లేదా పెదవి విరుస్తారు. కొన్నవాళ్లలో కొందరు చెక్కని గరుకు కాగితంతో రుద్ది, ఇనుముకి కొత్తగా బ్లూయింగ్ (తుప్పుకి అడ్డుగా వేసే నీలి-నలుపు పూత) పెట్టించి, ఇంకా తెగిస్తే నంబర్లు కూడా కొత్తగా కొట్టించి “పునరుద్ధరించాం” అంటారు. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. చరిత్ర తెలియని సైనిక రైఫిల్‌కి మిగిలిన ఒకే ఒక్క పత్రం దాని ఒళ్లే. నంబర్లు కలవకపోవడం ఆ పత్రంలో తప్పు కాదు, అందులో రాసి ఉన్న విషయమే అది. పునరుద్ధరణ పేరుతో దాన్ని చెరిపేశాక ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.

ముందు ఆ పత్రం చదవడం నేర్చుకోవాలి. ఎస్.ఎం.ఎల్.ఈ. మీద క్రమసంఖ్య మామూలుగా ఐదు చోట్ల ఉంటుంది: రిసీవర్ (గొట్టం, బోల్ట్ కూర్చునే ఇనుప భాగం) ముందు భాగం, గొట్టం, బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే గడియ) పిడి వెనక వైపు, ముందు కొసన తొడుగులా ఉండే నోస్‌క్యాప్, వెనక సైటు ఆకు అడుగు. ముందు కొయ్య అడుగున కూడా చాలాసార్లు కనిపిస్తుంది. భుజానికి ఆనే మడమ కొయ్య బిగిసే ఇనుప సాకెట్ కుడివైపున ఫ్యాక్టరీ, సంవత్సరం, మార్కు ఉంటాయి. ఇషాపూర్ పాతవాటి మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అక్షరాలు (జార్జి రాజు, చక్రవర్తి అని లాటిన్లో). గణతంత్రం వచ్చాక చేసినవాటి మీద సింహాల ముద్ర, ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అక్షరాలు. ఇది పైకి కనిపించే సంగతి. చాలామంది చూడకుండా వదిలేసేది గొట్టం తారీఖు. వెనక హ్యాండ్‌గార్డ్ (గొట్టం మీద కప్పే చెక్క) తీస్తే గొట్టం రిసీవర్లోకి వెళ్లేచోట లావుగా ఉన్న భాగం బయటపడుతుంది. దాని ఎడమవైపున గొట్టం చేసిన సంవత్సరం రెండంకెల్లో కొట్టి ఉంటుంది. సాకెట్ మీద సంవత్సరం ఒకటి, గొట్టం మీద ఇంకొకటి ఉంటే ఆ రెండో సంవత్సరంలోనో ఆ తరవాతో ఆ రైఫిల్ ఒక ఆయుధశాల బల్ల మీదకి వెళ్లిందన్నమాట.

ఉదాహరణకి ఇలాంటిది ఒకటి అనుకుందాం. సాకెట్ మీద జి.ఆర్.ఐ., 1942. గొట్టం మీద 53. బోల్ట్ మీద పాత నంబరుకి అడ్డగీత కొట్టి పక్కన రిసీవర్ నంబరే కొత్తగా కొట్టి ఉంది. నోస్‌క్యాప్ మీద వేరే నంబరు. ముందు కొయ్యలో అడ్డంగా ఒక స్క్రూ. మీద నల్ల రంగు. దీన్నిబట్టి చెప్పగలిగింది: యుద్ధం మధ్యలో ఇషాపూర్లో పుట్టింది, 1953లోనో ఆ తరవాతో కొత్త గొట్టం వేశారు, అప్పుడే కావచ్చు వేరే బోల్ట్ తెచ్చి దీనికి సరిచేసి నంబరు వేశారు, చెక్క చీలకుండా భారతీయ ఆయుధశాలల పద్ధతిలో స్క్రూ బిగించారు. చెప్పలేనిది: బర్మాలో కాల్చిందా, కోహిమాలో ఉందా, అసలు బ్యారక్ దాటి బయటికి వెళ్లిందా అన్నది. ఆ రెండో జాబితాలోని మాటల్ని మొదటి జాబితాలోకి జరిపే అలవాటు సేకరించేవాళ్లలో చాలా ఎక్కువ.

ఆ బోల్ట్ మీది అడ్డగీత గురించి ఇంకొంచెం చెప్పాలి. బోల్ట్ వెనక భాగంలోని రెండు ఆనుడు భాగాలు, అంటే ఎడమవైపు చిన్న లగ్గూ కుడివైపు పొడవాటి రిబ్బూ, రెండూ రిసీవర్లో సమానంగా ఆనాలి. ఆ పని ఫిట్టర్ చేత్తో చేసేవాడు. కొత్త బోల్ట్‌కి పాత నంబరు కొట్టేసి కొత్తది వేశారంటే ఎవరో నిపుణుడు దాన్ని కూర్చోబెట్టి చూశాడన్నమాట. అడ్డగీత లేకుండా పూర్తిగా వేరే నంబరున్న బోల్ట్ అయితే అది ఎక్కడో డబ్బాలోంచి తీసి తగిలించింది కావచ్చు. ధర లెక్కలో రెండూ “కలవనివే”. వాడేవాడి కంటికీ బుగ్గకీ మాత్రం రెండిటికీ చాలా తేడా.

మిగతా ముద్రలు కూడా ప్రయాణాన్ని చెబుతాయి. బాణం గుర్తు కింద ‘ఐ’ ఉంటే భారత ప్రభుత్వ ఆస్తి, ‘సి’ లోపల బాణం కెనడా, ‘యు’ లోపల బాణం దక్షిణాఫ్రికా, త్రికోణంలో అరబీ జీమ్ అక్షరం ఇరాక్. గొట్టం మీద “నైట్రో ప్రూఫ్” అనీ, చదరపు అంగుళానికి 18.5 టన్నులు అనీ ఉంటే అది బ్రిటన్లో ప్రైవేటు అమ్మకానికి వెళ్లేముందు పరీక్ష దాటింది. అమెరికాలో దొరికిన రైఫిల్ మీద దిగుమతిదారు ముద్ర లేకపోతే 1968 తుపాకుల చట్టం సైనిక మిగులు సరుకుని ఆపకముందే వచ్చి ఉండొచ్చు. ఇది సూచన మాత్రమే. ముద్రని రుద్ది తీసేసేవాళ్లూ ఉన్నారు.

ఇక కథలు. ఎవరైనా ఒక ఎస్.ఎం.ఎల్.ఈ. చూపించి ఇది రంప పితూరీ నాటిదనో, హైదరాబాదు సంస్థానం సైన్యంలోంచి వచ్చిందనో అంటే మనలో ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళ్లారన్నది చరిత్ర. కానీ ఒక తుపాకీని దానికి ముడిపెట్టాలంటే స్టేషన్ రికార్డులో నంబరు కావాలి, ఆ నంబరు రిసీవర్ మీద ఉండాలి. సాకెట్ మీద 1943 ఉంటే కథ అక్కడికక్కడే చచ్చిపోయింది. 1918 ఉంటే కథ అసాధ్యం కాదు, అంతే. అసాధ్యం కాకపోవడం రుజువు కాదు. ఆ కాలపు భారత పోలీసుకి పూర్తి .303 కాకుండా, నునుపు గొట్టాల మస్కెట్లు ఇవ్వడం సర్కారు అలవాటన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నకిలీల సంగతి వేరు. పెషావర్, కోహాట్ మధ్యనున్న దర్రా ఆదమ్ ఖేల్‌లో తరాలుగా చేత్తో లీ-ఎన్‌ఫీల్డులు చేస్తున్నారు. ఎన్‌ఫీల్డ్‌లో ‘ఎన్’ అక్షరం తిరగబడి ఉండటం, కిరీటం ఒకవైపు ఒరిగి ఉండటం, 1901లో పోయిన విక్టోరియా రాణి పేరు ‘వి.ఆర్.’ కింద 1908 అనో 1915 అనో సంవత్సరం ఉండటం తెలిసిన గుర్తులు. అవి చూడ్డానికి, చేతి పనిని మెచ్చుకోవడానికి బాగుంటాయి. ఉక్కు ఏ రైలు పట్టాదో, ఎంత గట్టిపడిందో ఎవరికీ తెలియదు. వాటిని కాల్చకూడదు. అయినా ఇది ‘దొంగ’ రైఫిల్ అని పారెయ్యడం కూడా సబబు కాదు, సరిహద్దు కొండల చరిత్రలో దానికి సొంత చోటుంది.

ఇంకో మూడు రకాల్ని “మామూలు .303గా” మార్చాలన్న ఆలోచనే మానుకోవాలి. ‘డి.పి.’ (డ్రిల్ పర్పస్) అని కొట్టినవి కవాతు కోసం కావాలని పనికిరాకుండా చేసినవి. చాంబర్లో (గొట్టంలో తూటా కూర్చునే చోట) రంధ్రం ఉండొచ్చు, స్ట్రైకర్ (తూటా వెనక కొట్టే సూది) కోసి ఉండొచ్చు, పైకి కనిపించని దెబ్బ ఇంకేదైనా ఉండొచ్చు. ముందు కొయ్య చుట్టూ రాగి తీగ చుట్టి టంకం పోసినవి మిల్స్ బాంబుని (చేతి గ్రెనేడుని) గొట్టం కొసకి తగిలించిన కప్పులోంచి విసరడానికి వాడినవి. ఆ తీగ ఉన్నదే గొట్టం పగిలితే కాల్చేవాడికి దెబ్బ తగలకూడదని. అందం కోసం తీగ విప్పేస్తే మిగిలేది కొయ్యకి గీతలు పడ్డ, బాగా అలిసిన రైఫిల్ మాత్రమే. మూడోది .410 మస్కెట్. ఇషాపూర్లో .303 గొట్టాన్ని నునుపుగా తొలిచి, మ్యాగజైన్లో కొయ్య దిమ్మ పెట్టి, ఒక్కో తూటాయే పట్టేలా పోలీసు, జైలు కాపలా కోసం చేశారు. అది వలస పాలన తన సొంత పోలీసుని ఎంత నమ్మిందో చూపించే వస్తువు. బజార్లో దొరికే .410 షాట్‌గన్ తూటా దానికి సరిపోదు, ఎందుకంటే ఆ చాంబర్ మెడ నొక్కని .303 ఇత్తడి తూటా కోశం కోసం చేసింది. దానికి గీతల గొట్టం వేసి “అసలు రూపం” ఇచ్చానని చెప్పుకోవడం చూస్తే బాధగా ఉంటుంది.

విప్పేముందు ఫొటోలు. ప్రతి ముద్రకీ పక్క నుంచి వాలుగా దీపం పెట్టి తియ్యాలి, ఎదురుగా వెలుగు పడితే లోతులేని ముద్ర కనిపించదు. సుద్ద పొడి దూదితో అద్ది తుడిస్తే అక్షరాలు తేలుతాయి. ఇనుప బ్రష్షు పెట్టొద్దు. స్క్రూ తల గాడిలో పూర్తిగా నిండే, అంచులు సమాంతరంగా అరగదీసిన స్క్రూడ్రైవర్లు మూడు నాలుగు కావాలి. ఇంట్లో దొరికే ఏటవాలు మొనది పెడితే గాడి అంచు చితికిపోతుంది. నూరేళ్లు చెక్కుచెదరని స్క్రూ మీద మీ చేతి గుర్తు మిగులుతుంది. బిగుసుకున్నవాటికి చొచ్చుకుపోయే నూనె వేసి రెండు మూడు రోజులు ఆగాలి, రోజూ ఒకసారి చిన్న సుత్తితో తల మీద తట్టాలి.

వరస ముఖ్యం. బోల్ట్ వెనక్కి లాగి, బోల్ట్ తలని పైకి ఎత్తి విడిపించి తియ్యాలి. మ్యాగజైన్ తియ్యాలి. వెనక సైటు ఆకు నిలబెట్టి, వెనక హ్యాండ్‌గార్డ్‌ని రెండు పక్కలా సమానంగా ఎత్తాలి. అది స్ప్రింగు క్లిప్పులతో గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. సైటుకి ఇరుపక్కలా చెవుల్లా వచ్చిన సన్నని చెక్క ఒకవైపే బలం పెడితే ఫట్‌మని విరుగుతుంది. తరవాత నోస్‌క్యాప్: కింద నుంచి ఒక స్క్రూ, వెనక అడ్డంగా ఒకటి. రాకపోతే చెక్క దిమ్మ ఆనించి తట్టాలి గానీ గొట్టానికి మెలిక పెట్టకూడదు. మధ్య బ్యాండు, ముందు హ్యాండ్‌గార్డ్, లోపలి బ్యాండు స్క్రూ. ఆ స్క్రూ కింద చిన్న స్ప్రింగూ వాషరూ ఉంటాయి, ఎగిరిపోతే వెతుక్కోవాలి. ట్రిగ్గర్ గార్డ్ స్క్రూలు. ముందు స్క్రూ చుట్టూ ఉండే చిన్న ఇనుప కాలర్‌ని పారేసుకోవద్దు. ఆ కాలర్ లేకుండా బిగిస్తే చెక్క నలిగి బిగువు ఎప్పటికీ సరిగా కుదరదు. ఇప్పుడు ముందు కొయ్యని నేరుగా కిందికి తియ్యాలి.

మడమ కొయ్య దీని తరవాతే. ఇక్కడ వరస తప్పితే తిరుగులేదు. మడమ లోపల పొడవాటి బోల్ట్ ఒకటి ఉంటుంది. దాని చదరపు కొస సాకెట్ దాటి ముందు కొయ్యలోని ఇనుప పలకలో కూర్చుంటుంది. ముందు కొయ్య ఉండగానే వెనక నుంచి పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఆ చదరం కొయ్యని లోపల నుంచి చీల్చేస్తుంది. అమ్మకానికి వచ్చే రైఫిళ్లలో ముందు కొయ్య వెనక కొస చీలి ఉండటానికి ఒక కారణం నూనె నానిన చెక్క అయితే, రెండో కారణం ఈ తొందర.

ఇనుము సంగతికొస్తే, “ఏదీ ముట్టుకోవద్దు” అనే వర్గంతో కూడా నాకు పేచీ ఉంది. ఎర్రగా రాలే తుప్పు చరిత్ర కాదు, అది చరిత్రని తినేస్తున్న పురుగు. దాన్ని ఆపాలి. తేలికపాటి తుప్పుకి పల్చటి నూనె, అత్యంత సన్నని ఉక్కు పీచు చాలు. కింద బ్లూయింగ్ ఉన్నచోట పీచు కూడా వద్దు, ఇత్తడి తునక అంచుతో నూనెలో తడిపి గీకితే తుప్పు లేస్తుంది, బ్లూయింగ్ నిలుస్తుంది. గట్టిగా పట్టిన తుప్పు ఉంటే మరిగించే పద్ధతి మంచిది. భాగాన్ని అసిటోన్‌తో జిడ్డు లేకుండా కడిగి, స్వేదనజలంలో 20 నుంచి 30 నిమిషాలు మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లని ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. పైన వదులైన నల్ల పొడిని జిడ్డు తీసిన మెత్తని పీచుతో తుడిచి, మళ్లీ మరిగించాలి. రెండు మూడు సార్లకి ఇనుము ముదురు గోధుమ-నలుపులోకి వస్తుంది, వేడి మీదే నూనె పట్టించాలి. కుళాయి నీళ్లు వాడితే అందులోని లవణాలు మచ్చలుగా మిగులుతాయి. తుప్పు కరిగించే ద్రావణాల్లో ముంచితే తుప్పుతో పాటు పాత బ్లూయింగ్ కూడా పోయి ఇనుము బూడిదరంగులో బయటపడుతుంది. అది చూసి కంగారుపడి కొత్త బ్లూయింగ్ పెట్టిస్తారు, మెరుగు పట్టేటప్పుడు ముద్రల అంచులు అరిగిపోతాయి. ఇలా ఒకదాని వెంట ఒకటి.

ఇషాపూర్ రైఫిళ్లకి ఇందులో ఒక మినహాయింపు. వాటి నల్ల రంగు చూసి “ఎవడో పెయింటు కొట్టాడు” అని గీకేస్తారు. ఆ రంగు వేసింది ఆయుధశాలే, తేమ దేశంలో తుప్పుకి అడ్డుగా. అదే దాని సైనిక రూపం. లేచిపోయిన చోట నూనె రాసి వదిలెయ్యాలి, మరిగించకూడదు, రంగు పొక్కుతుంది.

చెక్క విషయంలో నా మాట ఇంకా మొండిగా ఉంటుంది. గరుకు కాగితం వద్దే వద్దు. సన్నదైనా వద్దు. కొయ్య మీద తనిఖీ ముద్రలు లోతుగా ఉండవు, రెండు నిమిషాల పని వాటిని మాయం చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, చెక్క ఇనుముకంటే వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చునేలా చేసి ఉంటుంది. రుద్దినదైతే బ్యాండ్ల దగ్గర, సాకెట్ దగ్గర చెక్క దిగిపోయి కనిపిస్తుంది, తెలిసినవాడు గది అవతల నుంచే పట్టేస్తాడు. జిడ్డూ మట్టీ పోవడానికి మినరల్ స్పిరిట్, గుడ్డ. నిల్వకోసం పూసిన మైనంలాంటి జిడ్డుకి కూడా అదే, కాస్త ఎండ వేడి తోడైతే బయటికి వస్తుంది. లోపలిదాకా ఇంజిను నూనె పీల్చిన చెక్కకి సుద్ద పొడిని అసిటోన్‌తో ముద్దలా కలిపి పట్టించి, ఆరాక దులపాలి, నాలుగైదు సార్లు. పొయ్యిలో పెట్టడం, గిన్నెలు కడిగే యంత్రంలో వెయ్యడం, కాస్టిక్ తొట్టెలో ముంచడం వద్దు. చెక్క వంకర తిరుగుతుంది, రిసీవర్ ఆనే మూలలు కుంచించుకుపోతాయి. సొట్టలకి తడిగుడ్డ, వేడి ఇస్త్రీ పెట్టె చాలు. ఆవిరికి నార ఉబ్బి సొట్ట లేస్తుంది. తెగిన నార మాత్రం లేవదు, దాన్ని అలాగే ఉంచాలి.

పైపూతకి అవిసె నూనె. ఆయుధశాలలు వాడింది పచ్చి అవిసె నూనె. అది ఆరడానికి రోజులు పడుతుంది. మరిగించిన అవిసె నూనె అని దొరికేదాంట్లో ఆరబెట్టే రసాయనాలుంటాయి, ఒక్క రోజులో ఆరుతుంది. ఏదైనా పల్చగా చేత్తో రుద్ది, పావుగంటకి మిగిలింది తుడిచెయ్యాలి. మందంగా వదిలితే బంకగా మారి దుమ్ము పట్టుకుంటుంది. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండలు చుట్టి మూల పడెయ్యకండి. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముడిచిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. ఇళ్లు తగలబడిపోయాయి ఇలా. పరిచి ఆరెయ్యాలి, లేదా నీళ్లలో నానెయ్యాలి.

ముందు కొయ్య వెనక, రిసీవర్ దెబ్బని తట్టుకునే రెండు మూలలే ఈ రైఫిల్ గురికి ప్రాణం. కొయ్య చేత్తో నొక్కితే దాదాపు కూర్చోవాలి, చివరి కొంచెం మెత్తని సుత్తితో తట్టాల్సి రావాలి. స్క్రూలు తియ్యగానే దానంతటదే ఊడి చేతిలో పడితే ఆ మూలలు నలిగిపోయాయన్నమాట. వాటిని చెక్క ముక్కతోనో రాగి పలకతోనో సరిచెయ్యొచ్చు, ఆయుధశాలలూ అలాగే చేశాయి. ఇక్కడ ఎపాక్సీ వాడటానికి నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే బలం పడే చోటు. పైన కనిపించే అతుకులకి మాత్రం వేడినీళ్లతో విడిపోయే సరేసే మేలు. పాత అతుకులు, కొయ్య మేకులు, తేడా రంగు చెక్క ముక్కలు కనిపిస్తే తీసి “అందంగా” చెయ్యకండి. ఎవరో ఆర్మరర్ (ఆయుధశాల మరమ్మతుదారు) ఒక రోజంతా కూర్చుని చేసిన పని అది. ఈ రైఫిల్లో ట్రిగ్గర్ కూడా ట్రిగ్గర్ గార్డుకే తగిలి ఉంటుంది కాబట్టి చెక్క ఉబ్బినా కుంచించుకున్నా ట్రిగ్గర్ లాగుడు మారిపోతుంది. కొయ్యని అటూ ఇటూ చేశాక దాన్ని మళ్లీ చూసుకోవాలి. అంతా బిగించాక ముందువైపు గొట్టాన్ని బొటనవేలితో కిందికి నొక్కితే స్ప్రింగు మీద కొద్దిగా దిగి, వదలగానే పైకి రావాలి.

కాల్చే ఆలోచన ఉంటే, అంతకుముందు అనుభవమున్న గన్‌స్మిత్ చేత పరీక్ష చేయించాలి. ఆయన్ని ఏమడగాలో తెలిసి ఉండటం మంచిది. .303 తూటాకి అంచు ఉంటుంది కాబట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) కొలిచేది ఆ అంచు దగ్గరే. బ్రిటిష్ సైన్యం గేజీలు .064, .074 అంగుళం: మొదటిదాని మీద బోల్ట్ మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. ఎక్కువైతే వేరే బోల్ట్ తల వేసి చూడొచ్చు. నంబర్ 4 రైఫిల్‌కి తలలు 0 నుంచి 3 దాకా అంకెలతో వచ్చేవి. మన మార్క్ 3కి అలాంటి అంకెలు లేవు, ఒక్కోటీ వేసి చూసుకోవాల్సిందే. తల బిగిశాక బోల్ట్ వరసని దాటి సుమారు 20 డిగ్రీలకి మించి తిరిగిపోతుంటే మరలు అరిగాయి. గొట్టం లోపల ఐదు గాళ్లు ఎడమవైపు మెలిక తిరుగుతాయి. సీసం ముక్కని లోపలికి తోసి కొలిచేవాళ్లు ఇక్కడ మోసపోతారు. బేసి సంఖ్య కాబట్టి ప్రతి గాడికీ ఎదురుగా గట్టు ఉంటుంది. మామూలు కాలిపర్ అసలు గాడి కొలతని చూపించదు, ‘వి’ ఆకారపు మైక్రోమీటర్ కావాలి. నామమాత్రపు కొలత .313 అంగుళం, పాతవాటిలో ఎక్కువే కనిపిస్తుంది.

పాత సైనిక తూటాలు దొరికి కాలిస్తే, ఆ సాయంత్రమే గొట్టంలోకి వేడినీళ్లు పొయ్యాలి. పాత ప్రైమర్లలోని (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్లల్లోని) పొటాషియం క్లోరేట్ కాలాక క్లోరైడ్ ఉప్పుగా మిగులుతుంది, గాల్లో తేమని లాగి గొట్టాన్ని తింటుంది. నూనె ఉప్పుని కరిగించదు, దాని మీద దుప్పటి కప్పుతుంది అంతే. బ్రిటిష్ సైనికుడికి గరాటాతో మరిగే నీళ్లు పొయ్యమని నేర్పింది ఊరికే కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలిలో ఒక్క వారం నిర్లక్ష్యం గొట్టంలో చీకటి గుంటలు పెట్టగలదు.

కోసేసి వేట రైఫిల్‌గా మార్చినవాటి గురించి వేరే ప్రశ్న వస్తుంది: ముందు కొయ్య సగానికి కోసి, హ్యాండ్‌గార్డులు పారేసినదాన్ని పూర్తి రూపానికి తేవచ్చా? తేవచ్చు. గొట్టం కోయకుండా 25.2 అంగుళాలు పూర్తిగా ఉంటే, కాలానికి సరిపోయే కొయ్య, నోస్‌క్యాప్, బ్యాండ్లు తెచ్చి బిగించడంలో తప్పు లేదు. తెచ్చిన నోస్‌క్యాప్ మీద వేరే నంబరు ఉంటే దాన్ని అలాగే ఉంచాలి. దాన్ని గీకి రిసీవర్ నంబరు కొడితే అప్పటినుంచీ ఆ రైఫిల్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, తరవాత కొనేవాడు ఆ అబద్ధానికి డబ్బు కడతాడు. అమెరికాలో ఇషాపూర్ 2ఏ గొట్టాలు కోసి “జంగిల్ కార్బైన్” అని అమ్మినవి చాలానే తిరుగుతున్నాయి. ఏ సైన్యమూ అలాంటి 2ఏ వాడలేదు. పాతబడ్డ కొద్దీ అవి కూడా నిజమైనవే అని నమ్మేవాళ్లు పెరుగుతున్నారు.

అందుకే పనితో పాటు ఒక కాగితం నడవాలి. రైఫిల్ దొరికినప్పటి స్థితి, ప్రతి భాగం మీది నంబరు, తారీఖు, ఏం చేశారు, ఏ నూనె, ఏ జిగురు, ఏ భాగం ఎప్పుడు మార్చారు. అమ్మినవాడు చెప్పిన కథ ఉంటే “అమ్మినవాడి మాట” అని రాసి కింద విడిగా. తీసేసిన ప్రతి స్క్రూ, విరిగిన ప్రతి స్ప్రింగు చీటీ కట్టి సంచిలో. అమ్మేటప్పుడు ఆ సంచి, ఆ కాగితం రైఫిల్‌తో పాటే వెళ్లాలి. ఆ కాగితంలో “1942 నుంచి 1953 దాకా ఎక్కడుంది” అన్న గడి ఒకటి గీసి, దానికెదురుగా “తెలియదు” అని పూర్తి అక్షరాలతో రాయండి.